జర ఉత్తరం సదువు సారూ

1987లో నా మొదటి పోస్టింగు మక్తల్ దగ్గర ఒక ఊళ్ళో పడింది. ఇప్పుడది నారాయణపేట జిల్లా గాని అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, జనం నోట్లో పాలమూరు. నాది నల్లగొండ జిల్లా, సూర్యాపేట వైపు పల్లె. లెక్కల టీచర్ని. పిల్లలకు భిన్నాలు, శాతాలు చెప్పడానికి వచ్చాననుకున్నాను. నెల తిరక్కముందే ఊరు నాకు ఇంకో ఉద్యోగం ఇచ్చింది. జీతం లేదు, సెలవూ లేదు. ఉత్తరాలు చదివిపెట్టడం.

దీపావళి దాటితే ఆ ఊళ్ళో సగం ఇళ్ళు ఖాళీ. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, కృష్ణా స్టేషన్లోనో రాయచూరులోనో రైలెక్కి బొంబాయికో పూనాకో పోయేవాళ్ళు. ఆనకట్ట కట్టాలన్నా, కాలువ తవ్వాలన్నా 'పాలమూరు లేబర్' కావాలని దూరదూరాల నుంచి అడిగేవాళ్ళు. వాళ్ళకు అంత పేరుంది గాని చదువు లేదు. అక్కడ మొగుడు చెబుతుంటే ఇంకెవడో రాస్తాడు. ఇక్కడ పెళ్ళాం వింటుంటే ఇంకెవడో చదువుతాడు. ఇద్దరి మధ్య ఇద్దరు పరాయివాళ్ళు. ఆ ఇద్దరిలో ఈ కొసనున్నవాణ్ణి నేను.

సాయంత్రం బడి వదిలాక వరండాలో ఆరేడుగురు ఆడవాళ్ళు కూర్చునేవాళ్ళు. పదిహేను పైసల కార్డులు, నీలిరంగు ఇన్‌లాండ్ కవర్లు. కార్డయితే పోస్టుమాను ముందే చదివేసి, ఇల్లు చేరకముందే దారిలో సంగతి చెప్పేసేవాడు. అందుకని కాస్త గుట్టు ఉన్న మాటలకు ఇన్‌లాండ్ కొనేవాళ్ళు. బంక పెట్టి అంటించి, అంచులు బిగించి పంపిన ఉత్తరం. దాన్ని నేను చింపి, బడిలో పాఠం చెప్పే గొంతుతో, వరండా అంతా వినబడేలా చదివేవాణ్ణి.

అలా చదివిన ఒక ఉత్తరం గురించే ఇదంతా.

ఆమె పేరు రాయను. అప్పటికి పాతికేళ్ళుంటాయి, నాకంటే రెండేళ్ళు పెద్ద. "జర ఉత్తరం సదువు సారూ" అని ఇన్‌లాండ్ చేతికిచ్చింది. క్షేమసమాచారం అయ్యాక అందులో ఉన్న మాట ఇది: మేస్త్రీకి తెలియకుండా ఎనిమిది వందలు కూడబెట్టాను, వచ్చే ఏడు ఈ గుంపులో పని చెయ్యను, బాకీ తీర్చేసి వచ్చేస్తాను, ఎవ్వరికీ చెప్పకు. 'ఎవ్వరికీ చెప్పకు' అనే మాటను కూడా నేను గట్టిగానే చదివాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక గాని నాకు తెలివి రాలేదు. తలెత్తి చూస్తే ఎదురుగా మేస్త్రీ వదిన కూర్చుని ఉంది, తన ఉత్తరం వంతు కోసం.

వారం తిరక్కుండా మేస్త్రీ తమ్ముడు లెక్కల పుస్తకం పట్టుకుని ఆమె గడప ముందుకొచ్చాడు. అడ్వాన్సు మీద వడ్డీ అన్నాడు, రైలు ఖర్చు అన్నాడు. రెండు మేకలు తోలుకుపోయాడు. పూనాలో ఆ ఎనిమిది వందలు కూడా లాగేసుకున్నారని తరవాత తెలిసింది. అతను ఆ గుంపులోనే ఇంకో రెండేళ్ళు పని చేశాడు. లెక్కల సారును కాబట్టి లెక్క కట్టాను: నేను చదవడానికి పట్టింది నాలుగు నిమిషాలు.

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. నెల తరవాత మళ్ళీ ఉత్తరం పట్టుకుని వచ్చింది. ఇంకెక్కడికి పోతుంది! "సారూ, జర మెల్లగ సదువు" అంది. అంతే.

మరుసటి ఏడు పీర్ల పండుగకు అతను ఊరొచ్చినప్పుడు మొగుడూ పెళ్ళాం ఇద్దరూ నా గదికి వచ్చారు. ముగ్గురం కూర్చుని ఒక భాష తయారుచేశాం. ఎర్రకోడి గుడ్లంటే కూడబెట్టిన వందలు. మేకలకు గాలికుంటు వచ్చిందా అని అడిగితే మేస్త్రీతో గొడవైందని. చింతచెట్టు కాసిందా అంటే ఫలానా నెలలో వస్తున్నానని. ఆ తరవాత వరండాలో నేను ఎంత గట్టిగా చదివినా భయం లేకపోయింది. 'మన ఎర్రకోడి పన్నెండు గుడ్లు పెట్టింది గదా' అని పూనా నుంచి మొగుడు రాస్తే అందరూ నవ్వేవాళ్ళు, ఆడికి కోడి రంధి పట్టిందని. ఆమె కూడా నవ్వేది. పన్నెండు వందలు అని మా ఇద్దరికే తెలుసు.

ఈ భాషకు ఒక లోపం ఉంది. ఒకసారి అతని కాలు విరిగింది. మా ఒప్పందంలో కాలు లేదు! పాపం, ఆ ఉత్తరంలో అన్నీ విప్పి రాయించుకోవాల్సి వచ్చింది. కొత్త గుర్తు చేర్చాలంటే మళ్ళీ మనిషి ఊరికి రావాలి, పక్కపక్కన కూర్చుని మాట్లాడుకోవాలి. కలిస్తేనే రహస్యం, కలవలేకనే ఉత్తరం. పెబ్బేరు సంతలో ఎడ్ల బేరగాళ్ళను చూశాను. తువ్వాల కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని ధర తెగ్గొడతారు. చుట్టూ పదిమంది నిలబడి చూస్తున్నా ఎంతకు తెగిందో ఎవరికీ తెలియదు. కానీ దానికి రెండు చేతులూ ఒకే తువ్వాల కిందికి రావాలి. పూనాకు, మక్తల్‌కు సరిపోయే తువ్వాల ఎక్కడ దొరుకుతుంది?

సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఈ కోడిగుడ్ల భాష సంగతి మా నాయనమ్మకు చెబితే పడీపడీ నవ్వింది. నవ్వి, ఎప్పుడూ చెప్పని సంగతొకటి చెప్పింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను చంపిన తరవాత మా వైపంతా అట్టుడికింది గదా, ఆ పోరాటం 1951 అక్టోబరులో విరమించేదాకా ఊళ్ళ మధ్య చిట్టీలు తిరుగుతూనే ఉండేవట. కొన్ని మా నాయనమ్మ కొప్పులో తిరిగాయి. గంపలో జొన్నరొట్టెలు, కొప్పులో చిట్టీ.

"అండ్ల ఏం రాసుండె?" అన్నాను.

"నాకేం ఎరుక బిడ్డా? సదువు రాకపాయె. గదే నన్ను బతికిచ్చింది. పట్టుకొని కొట్టినా ఏం చెప్త?"

ఆ పోరాటంలో ఆడవాళ్ళ అనుభవాలను స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' పేరుతో పుస్తకంగా తెచ్చారు. చదివిచూస్తే మారుపేర్లు, అజ్ఞాతం ఆ రోజుల్లో ఎంత మామూలో తెలుస్తుంది. నన్ను మాత్రం మా నాయనమ్మ మాట చాలాకాలం వదల్లేదు. చదువు రాకపోవడం నల్లగొండలో ఒకామెను కాపాడింది. అదే చదువు రాకపోవడం పాలమూరులో ఇంకొకామె మేకలను తోలుకుపోయింది. తేడా ఎక్కడుంది? మా నాయనమ్మ నడుమనున్న మనిషి. నడుమ మనిషికి తెలియకపోవడమే మంచిది. మక్తల్ దగ్గరామె కొసనున్న మనిషి. కొసనున్న మనిషికి తెలియాలి, ఆమెకు మాత్రమే తెలియాలి. ఉత్తరం రహస్యమంతా ఇంతే. ఇంతకంటే పెద్ద మాట ఎన్‌క్రిప్షన్ పుస్తకాల్లో కూడా నాకు కనబడలేదు.

ఎన్‌క్రిప్షన్ అనే మాట నాకు తారసపడింది మహబూబ్‌నగర్ టౌనుకు బదిలీ అయ్యాక. 2004 ప్రాంతంలో గల్లీ గల్లీకీ నెట్‌సెంటర్లు వచ్చాయి. టెన్త్ రిజల్టు, ఎంసెట్ ర్యాంకు, అమెరికా పోయిన కొడుకు మెయిలు, అన్నీ అక్కడే. మనం పంపే మెయిలు నేరుగా అవతలి కంప్యూటరుకు పోదని, ఒక మిషను నుంచి ఇంకో మిషనుకు చేతులు మారుతూ పోతుందని, తాళం వెయ్యకపోతే నడుమనున్న ఏ మిషనైనా చదవొచ్చని అక్కడి కుర్రాడు చెప్పాడు. అంటే మళ్ళీ పదిహేను పైసల కార్డే! చాలా సైట్లు అప్పట్లో పాస్‌వర్డు కొట్టేటప్పుడు మాత్రం తాళం వేసి, లోపలికి పోయాక తీసేసేవి. జీమెయిల్ కూడా మొదటి నుంచి చివరి దాకా తాళం వేసి ఉంచడం అందరికీ మామూలు చేసింది 2010 జనవరిలోనే.

మరి ఎప్పుడూ కలవని రెండు మిషన్లు తాళంచెవి ఎలా పంచుకుంటాయి? నా పూనా ప్రశ్నే అది. జవాబు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న ఒక పాత పుస్తకంలో దొరికింది. 1976లో అమెరికాలో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ అనే ఇద్దరు, అందరూ వింటుండగానే ఇద్దరు మనుషులు గట్టిగా అరుచుకుంటూ ఒక రహస్యం కుదుర్చుకోవచ్చని నిరూపించారట. నమ్మకం కలగలేదు. కాగితం మీద చేసి చూశాను. కుదిరింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే నా భార్య ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. నేను పదకొండేళ్ళు ముందు పుట్టిన సంగతిని పదిహేడేళ్ళు ఆలస్యంగా తెలుసుకున్నాను. ఆ వరండాలో నేను ఉత్తరం చదివేనాటికే దానికి విరుగుడు ఈ లోకంలో ఉంది.

మర్నాడు పదో తరగతిలో అదే పాఠం. ఒక మూల ఒక అమ్మాయి, ఎదురు మూల ఒక అబ్బాయి. ముందు పిల్లలు నవ్వారు, మాకు 'క' భాష వచ్చు సార్, అని. ప్రతి అక్షరం ముందు 'క' చేర్చి మాట్లాడే భాష. మాకొచ్చు, మా తాతలకూ వచ్చు, అందుకే అది రహస్యం కాదన్నాను. పద్ధతి ఊరందరికీ తెలిసినా చెవి దొరక్కూడదు, అదీ తాళమంటే. బోర్డు మీద రెండు సంఖ్యలు రాశాను: 2, 11. ఇవి అందరికీ తెలిసినవే. అమ్మాయి మనసులో ఒక సంఖ్య అనుకోవాలి. 3 అనుకుంది. 2ను మూడుసార్లు వేసి గుణిస్తే 8. పదకొండుతో భాగిస్తే శేషం 8. 'ఎనిమిది' అని గట్టిగా అరిచింది. అబ్బాయి 4 అనుకున్నాడు. 2ను నాలుగుసార్లు వేసి గుణిస్తే 16, పదకొండు పోగా శేషం 5. 'ఐదు' అని అరిచాడు. ఇప్పుడు అమ్మాయి తను విన్న 5ను మూడుసార్లు గుణించింది: 125, పదకొండుతో భాగిస్తే శేషం 4. అబ్బాయి తను విన్న 8ని నాలుగుసార్లు గుణించాడు: 4096, పదకొండుతో భాగిస్తే శేషం 4. ఇద్దరూ కాగితాలు ఎత్తి చూపించారు. రెంటిమీదా 4. శేషంగా వచ్చిన ఆ నాలుగును ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు!

క్లాసు ఒక్క క్షణం నిశ్శబ్దమైపోయింది. లెక్కల క్లాసులో నిశ్శబ్దం రెండు రకాలు. ఇది మంచి రకం.

ఐదు నిమిషాలకు చివరి బెంచీ అమ్మాయి లేచింది. "సార్, నేను కనుక్కున్న." రెండును వరసగా గుణించుకుంటూ పోయి శేషాలన్నీ పట్టీ వేసింది: 2, 4, 8, 5, 10, 9, 7, 3, 6, 1. ఎనిమిది మూడో చోట ఉంది, ఐదు నాలుగో చోట ఉంది, ఇంకేముంది! నా జేబులో పెన్ను తీసి ఆ పిల్లకిచ్చాను. అందుకే అసలు పనిలో 11 లాంటి చిన్న సంఖ్య వాడరు. 2048 బిట్ల సంఖ్య అంటే 617 అంకెల ప్రధాన సంఖ్య. అంత పెద్ద పట్టీ వెయ్యడానికి లోకంలోని కంప్యూటర్లన్నీ కలిసినా కుదరదు. జొన్నలు విసిరి పిండి చెయ్యడం ఎవరికైనా వస్తుంది, పిండి చూసి గింజలు ఏర్పరచమంటే ఎవరి తరం? ఈ విద్యను ఇంకాస్త ముందే బ్రిటిష్ ప్రభుత్వం కింద పనిచేసే గూఢలిపి శాఖవాళ్ళు కూడా కనిపెట్టి, 1997 దాకా బయటికి చెప్పకుండా దాచారు. రహస్యాలు దాచే పద్ధతిని కూడా రహస్యంగా దాచడం వాళ్ళకే చెల్లింది.

ఇంకో పిల్లాడి ప్రశ్న మాత్రం నన్ను ఇరుకున పెట్టింది. "ఆ మూల ఉన్నది వాడే అని ఎట్ల తెలుస్తది సార్? చీకట్ల ఇంకోడు అరిస్తే?" సరైన ప్రశ్న. తాళం గట్టిదే, కానీ అవతల ఎవరున్నారో తాళం చెప్పదు. అందుకే సైట్లకు సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలు వచ్చాయి, మన కాగితాల మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకంలాగా. అయితే ఆ సంతకం 'ఈ సైటు ఈ పేరుదే' అని చెబుతుంది గాని 'వీడు మంచివాడు' అని చెప్పదు. దొంగ తన పేరుతో ఒక సైటు పెట్టుకుంటే వాడికీ తాళం దొరుకుతుంది. ఇప్పుడైతే ఉచితంగానే దొరుకుతుంది. అడ్రసు పక్కన చిన్న తాళం బొమ్మ చూసి జనం సైటే మంచిదని నమ్ముతున్నారని 2023లో క్రోమ్ వాళ్ళు ఆ బొమ్మనే తీసేశారు.

ఇవన్నీ తెలిసినవాణ్ణి గదా. 2021లో ఆమె కొడుకు నుంచి నాకు ఫోనొచ్చింది.

మొగుడు పోయి అప్పటికి చాలాకాలమైంది. ఆమెకు రెండెకరాలుంది. రైతుబంధు పైసలు పదివేలు బ్యాంకులో పడ్డాయి. ఎవడో ఫోన్ చేసి బ్యాంకు నుంచి మాట్లాడుతున్నానన్నాడు. అకౌంటు బందైతది, ఫోనుకు ఒక నంబరు వస్తది, అది చెప్పమన్నాడు. వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. ఆమె ఫోను పట్టుకుని కిరాణా కొట్టుకు పోయింది. కొట్టు పిల్లాడు చదివిపెట్టాడు. ఒక్కో అంకె, గట్టిగా, స్పష్టంగా. ఇంకో ఫోనులో ఆమె ఒక్కో అంకె తిరిగి చెప్పింది. పైసలన్నీ పోయాయి.

ఆ పిల్లాడిది తప్పా? వాడు చదవమంటే చదివాడు. ఎవ్వరికీ చెప్పొద్దని ఆ మెసేజీలోనే ఉంటుంది, ఇంగ్లీషులో. 'ఎవ్వరికీ చెప్పకు' అని ఉన్న ఉత్తరాన్ని 1987లో చదివినవాణ్ణి నేను, వాణ్ణి ఏమంటాను!

పేపర్లలో, టీవీల్లో ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని అంటూనే ఉంటారు. మంచిదే. కానీ 2011 జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత సుమారు 55 శాతం, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో అన్నిటికంటే కింద. ఆడవాళ్ళలో అయితే సగం కూడా లేదు. తనకొచ్చిన ప్రతి కాగితాన్నీ పుట్టిన దగ్గర్నుంచి ఇంకొకరి చేతిలో పెట్టి 'జర సదువు' అని అడిగిన మనిషికి, ఈ ఒక్క కాగితం మాత్రం ఎవరికీ చూపించొద్దంటే ఎట్లా? ఫోన్లో చేరడానికి ముందున్న దారి అంతటికీ ఎంత తాళమైనా వెయ్యండి. ఆ చివరి మూడడుగులు, ఆమె చేతి నుంచి కొట్టు పిల్లాడి కళ్ళ దాకా, అక్కడ తాళం లేదు. ఆ ఫోనొచ్చిన వెంటనే ఫిర్యాదు చెయ్యాల్సింది. ఇలాంటివాటికి అప్పట్లో 155260 ఉండేది, ఇప్పుడు 1930 నంబరు. పైసలు ఇంకో అకౌంటుకు జారిపోకముందే చెబితే ఆపే వీలుంటుంది. ఆమె కొడుక్కు చెప్పేసరికే మూడు రోజులైంది. భయపడిందట, తిడతాడని. పైసలు రాలేదు.

రిటైరయ్యాక ఈమధ్య ఆ ఊరు పోయాను. బడి కొత్తది కట్టారు, పాత వరండా మాత్రం ఉంది. ఆమె ఇల్లు అడుక్కుంటూ పోతే గుర్తుపట్టింది. "మా లెక్కల సారు" అని కోడలికి చూపించి చాయ్ పెట్టమంది. కూర్చున్నాక కొంగులోంచి ఫోను తీసింది. మనవడు పూనాలో ఉన్నాడు. ఇప్పుడు గుంపు లేదు, మేస్త్రీ లేడు, ఏదో కంపెనీ బండి నడుపుతున్నాడు. వాడు అక్షరం రాయడు, ఆమెకు చదవాల్సిన పని లేదు. వాట్సాప్‌లో మాట పంపిస్తాడు. ఆకుపచ్చ మీటలాంటిది ఒత్తితే పూనాలో అన్న మాట మక్తల్ దగ్గర వినబడుతుంది. 2016 ఏప్రిల్ నుంచి ఆ మాటలకు రెండు కొసలా తాళం వేస్తున్నారు, నడుమ వాట్సాప్ వాళ్ళు కూడా వినలేరని నేను ఆమెకు చెప్పాలనుకున్నాను. ఎలా చెప్పాలో ఆలోచిస్తుండగానే ఆమె మీట ఒత్తేసింది. స్పీకరు ఫుల్లు సౌండులో ఉంది. 'అవ్వా, జీతం పడ్డది, ఆరు వేలు పంపిస్త, మా అమ్మకు చెప్పకు...' వాకిట్లో చాటతో బియ్యం చెరుగుతున్న పక్కింటావిడ చెయ్యి ఆగింది. లోపల చాయ్ గిన్నె చప్పుడు కూడా ఆగింది.

ఆమె గబుక్కున ఫోనును కొంగులో చుట్టేసింది. నా వైపు చూసింది. ముప్పై ఏళ్ళు దాటినా ఆ చూపు నేను మర్చిపోలేదు. కానీ ఈసారి ఆమె నవ్వుతోంది.

"సారూ, సౌండు తక్కువ చేసుడు ఎట్లనో జర చెప్పు."

పక్కనున్న మీట చూపించాను. ఆమె వేలుతో ఆమె చేతే నాలుగుసార్లు ఒత్తించాను. తరవాత ఆమె ఫోను చెవికి ఆనించుకుని, పెరటి గుమ్మం దాటి, చింతచెట్టు కిందికి పోయి నిలబడింది. అక్కడి నుంచి నాకేమీ వినబడలేదు.